అసిరి కట్టిన ఎర్రగుడ్డ

అనగా అనగా, మీ తాతల తాతలు ఉయ్యాలలో గుక్కపెట్టి ఏడుస్తున్న కాలంలో, సముద్రం ఒడ్డున ఒక జాలరుల పల్లె. ఆ పల్లెలో అసిరి అనే కోడలు. ముందే చెబుతున్నాను, ఈ కథలో ఉచ్చ ఉంటుంది. కావాలంటే ముక్కు మూసుకోండి గానీ చెవులు మూసుకోకండి.

అసిరి మామ కొర్లయ్య ఒకప్పుడు పేరుమోసిన చేపల వేటగాడు. ఏ నీళ్ళలో ఏ చేప ఉందో ఒడ్డున కూర్చునే చెప్పేవాడు. ముసలితనంలో మతి జారిపోయింది. కన్నకొడుకుని చూసి "తమ్ముడా" అనేవాడు. దొడ్డికి ఎటు వెళ్ళాలో మరిచిపోయేవాడు. పంచె తడిసె, చాప తడిసె, అసిరి కొంగూ తడిసె. కొంగు తడిసింది మాత్రం కన్నీళ్ళతో.

ఊళ్ళో సలహాలకు కొదవా? ఇరుగమ్మ వచ్చి, "నీల్లు తగ్గించీయే గుంటా" అంది. అసిరి తగ్గించింది. ముసలాయన కళ్ళు తిరిగి పడ్డాడు. పంచె తడిసె, చాప తడిసె, అసిరి కొంగూ తడిసె.

పొరుగమ్మ వచ్చి, "గట్టిగా తిట్టు, బయం ఉంటాది" అంది. అసిరి తిట్టింది. ఆయన పసివాడిలా వణికిపోయి, తడిసిన పంచెను బియ్యం కుండలో దాచాడు. పంచె తడిసె, చాప తడిసె, అసిరి కొంగూ తడిసె.

ఎదురింటామె వచ్చి, "గుంజకి కట్టీయే" అంది. అసిరి తాడు తీసింది. ఏమీ తెలియని కొర్లయ్య రెండు చేతులూ తనే ముందుకు చాచాడు. అసిరి తాడు అవతల పారేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ మర్నాడే కొంప మునిగింది. కొర్లయ్య ఒడ్డుమీదున్న కులపెద్ద బండియ్య పడవెక్కి, అంచు పట్టుకుని, పక్కన ఆరేసిన కొత్త వలమీద ఉచ్చ పోశాడు. పడవంటే జాలరులకు గంగమ్మతల్లి ఒడి. ఊరు ఊరంతా భగ్గుమంది.

"గంగమ్మ పండగదాకా సూత్తాను," అన్నాడు బండియ్య. "పండగనాడు గానీ నీ మావ పడవెక్కాడా, ఏటి అవతల పాకలో వదిలీడమే. కూడు అక్కడికే పంపుకో."

మతిలేని మనిషి ఏటి అవతల ఒంటరిగా ఎన్నాళ్ళు బతుకుతాడు?  అందరూ వలను చూస్తుంటే అసిరి మామను చూసింది. ఇంట్లో ఒళ్ళంతా తడుపుకునే మనిషి, పడవ అంచున పంచెమీద చుక్క పడనివ్వలేదు.

"ఓలమ్మా!" అనుకుంది. "బతుకంతా పడవ అంచునే పోసినోడు. ఇప్పుడూ సేపల ఏటకెల్లాననే అనుకుంతన్నాడు. మావది మొండితనం కాదు, దారి తెలీకపోడం!"

విరిగిన పడవ ముక్కొకటి ఈడ్చుకొచ్చి పెరట్లో నిలబెట్టింది. కింద ఇసక పోసింది. చుట్టూ తాటాకు దడి కట్టింది. సముద్రంలో వల ఎక్కడుందో తెలియడానికి వెదురుకర్రకు ఎర్రగుడ్డ కట్టి తేలవేస్తారు కదా, అలాంటి గుడ్డే దడిమీద ఎగరేసింది. బిగుతు గోచీ మాన్పించి, ఒక్కసారి లాగితే ఊడే ముడితో పంచె చుట్టింది. నిద్ర లేవగానే, గంజి తాగగానే, ముడి తడుముకున్నప్పుడల్లా, "మావా, వల సూసొద్దాం రా" అని చెయ్యి పట్టుకునేది. ఎర్రగుడ్డ కనబడగానే ముసలాయన కాళ్ళు వాటంతటవే అటు నడిచేవి. ఎప్పుడైనా తప్పితే అసిరి ఏమీ అనకుండా చాప ఉతికేది.

పండగ వచ్చింది. పడవలకు పసుపు, కుంకుమ, వేపమండలు. డప్పులు మోగుతున్నాయి. ఇంతలో కొర్లయ్య ముడి తడుముకుంటూ లేచాడు. ఒక అడుగు. రెండడుగులు. మూడో అడుగు తిన్నగా పూజ పడవ వైపే! డప్పులు ఆగిపోయాయి.

అసిరి తిట్టలేదు, పట్టి లాగలేదు. ఒడ్డుకి ఆనుకునే ఉన్న తన ఇంటివైపు చెయ్యి చాపి, "మావోయ్! వల సూసొద్దాం రా!" అని కేకేసింది.

ముసలాయన తిరిగాడు. ఎర్రగుడ్డ కనబడింది. ఛాతీ విరుచుకుని, ఊరి జనం మధ్యనుంచి నడిచి, దడి వెనక్కి వెళ్ళాడు. పొడి పంచెతో తిరిగొచ్చి, "సేపలు బాగా పడ్డాయిరోయ్!" అని అందరికీ చాటాడు.

ఊరంతా పకపకా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, పండగ నవ్వు. డప్పులు రెట్టింపు మోగాయి. బండియ్య తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. "ఒలే అసిరీ, ఆ ఎర్రగుడ్డ ఇంకో మూరుంటే దాసుంచే. రేపు నాకూ పనికొత్తాది" అన్నాడు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. బండియ్య తనదాకా రాకముందే తెలుసుకున్నాడు, అదీ పెద్దరికం. ఆ మూర తర్వాత నిజంగానే పనికొచ్చింది లెండి.

కొర్లయ్య తన ఇంట్లోనే, తన చాపమీదే కన్నుమూశాడు. చాలా ఏళ్ళకు అసిరీ పోయింది. ఆ పల్లెలో ఈనాటికీ ముసలివాళ్ళు పంచె తడిపారని ఎవరూ అనరు. "వల సూసొద్దాం రా" అని చెయ్యందిస్తారు. తిరిగొస్తే "సేపలు పడ్డాయా?" అని అడుగుతారు. గంగమ్మ పండగనాడు పడవలకు కట్టే ఎర్రగుడ్డలో మొదటి మూర అసిరి పేరు చెప్పి చింపుతారు. ఆ ఏడు ఎవరింట్లో మతి జారినవాళ్ళుంటే ఆ ఇంటికి డప్పులతో ఊరేగింపుగా తీసుకెళ్ళి, పెరటి దడిమీద కడతారు. ముడి వేసేది కులపెద్దే.