అదిగో అంటే ఎక్కడమ్మా?

అనగనగా ఒక అడవిలో గుబురమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. ఎలుగుబంట్లు పిల్లల్ని వీపున మోస్తాయి, కాస్త ఎదగ్గానే దింపేస్తాయి. గుబురమ్మ దింపలేదు. ఆమె కొడుకు బొద్దుకి పుట్టుకతోనే చూపు లేదు.

బొద్దు ఎదిగాడు. తల్లంత అయ్యాడు. అయినా వీపు మీదే. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరిని మోస్తున్నారో తెలిసేది కాదు. అడవంతా గుబురమ్మను మెచ్చుకునేది. కోతి చింతయ్య అయితే ఆమె కష్టం చూసి రోజూ కళ్ళు తుడుచుకునేవాడు, చేతిలో పండు మాత్రం వదలకుండా. బొద్దుని ఎవరూ ఏమీ అడగలేదు. వాడి అరికాళ్ళు పసివాడి కాళ్ళలా మెత్తగా ఉండిపోయాయి.

ఆ వేసవిలో గుబురమ్మ బండ మీద జారిపడింది. ముందరి కాలు బెణికింది. ఇక మోయలేదు. నోట కరిచి తెద్దామంటే నీళ్ళు పండ్లు కావు. బొద్దు వాగు దాకా నడవాలి, లేదా దాహంతో పోవాలి.

సాయానికి అందరూ వచ్చారు. కుందేలు చెవులమ్మ "అదిగో వాగు" అంది. బొద్దు ముళ్ళపొదలో పడ్డాడు. చింతయ్య కొమ్మ మీంచి వేలు చూపి "అదిగో దారి" అన్నాడు. బొద్దు బండకు గుద్దుకున్నాడు. చివరికి తల్లి కూడా అంది, "అదిగో నాన్నా, నీ ముందే."

బొద్దు కూలబడ్డాడు. ముక్కున రక్తం.

"అదిగో అంటే ఎక్కడమ్మా? నా కాళ్ళకి తెలిసేలా చెప్పు."

గుబురమ్మకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ వీపు మీది కొడుక్కి అదిగో నెమలి, అదిగో చందమామ అని చూపిస్తూనే ఉంది. వాడు ఊ కొడుతూనే ఉన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. కుంటుకుంటూ ఆ దారిన వాగు దాకా వెళ్ళింది. తానూ ముళ్ళకు గీసుకుంది. తిరిగొచ్చి చెప్పింది.

"కాళ్ళ కింద ఎండుటాకుల చప్పుడు వినిపించినంతసేపు నడువు. ఇసుక తగిలితే ఎడమకు తిరుగు. ముక్కుకి చల్లగాలి తగిలే వైపే వాగు."

బొద్దు నడిచాడు. పడ్డాడు. గుబురమ్మ లేవబోయింది. ఎత్తుకోవే తల్లీ, నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు చింతయ్య. ఆ నలుగురిలో మొదటివాడు తనే.

"రావద్దమ్మా," అన్నాడు బొద్దు. "ఇంకా ఆకుల మీదే ఉన్నాను."

ఆమె ఆగిపోయింది. బెణికిన కాలికన్నా అలా ఆగడమే ఎక్కువ నొప్పి పెట్టింది. వాడు లేచాడు. రెల్లుగడ్డి చాటుకు వెళ్ళిపోయాడు. అలికిడి లేదు. చింతయ్య కూడా నమలడం మానేశాడు.

అప్పుడు వాగు వైపు నుంచి వినిపించింది.

"అమ్మా, ఇదిగో నీళ్ళు. మెల్లగా రా, ఇసుక మొదట్లో ఒక రాయి ఉంది. కాలికి తగులుతుంది."

బొద్దుకి నడక నేర్పింది తనేనని చింతయ్య ఇప్పటికీ చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీండి.

నీతి: మనవాళ్ళను జీవితమంతా మోయలేం. వాళ్ళకేం కావాలో వాళ్ళనే అడిగి, వాళ్ళకు తెలిసేలా దారి చెప్పి, పడినా లేచే వ్యవధి ఇవ్వాలి.