ఒంటిచేతి దండం

పొద్దుగూకాక నేను లైటు వేసి ఒంటి చేత్తో దండం పెడితే నవ్వావు కదూ చిట్టీ. రెండో చెయ్యి ఏమైందే అమ్మమ్మా అన్నావు. ఇటు జరుగు, చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి మరి.

అనగనగా, మన వైపు కరెంటు స్తంభాలు ఇంకా మొలవని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక నేతగాళ్ళ ఊరు. ఏ ఇంటి ముందు నిలబడ్డా ఒకటే చప్పుడు, టకా టకా, టకా టకా. ఆ ఊళ్ళో భావనమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కడే కొడుకు, మార్కండు. తండ్రి లేడు. పిల్లాడు పెద్దవాడయ్యాడు గానీ నలుగురిలో నోరు విప్పడమంటే భయం.

భావనమ్మ నేసిన చీరంటే పెళ్ళివాళ్ళకి పండగే. ఒక వానాకాలం ఏమైందంటే, మబ్బు దిగి పట్టపగలే ఇల్లు చీకటైపోయింది. తెల్లారితే పెళ్ళిచీర ఇచ్చెయ్యాలి. అప్పుడు ఆవిడ ఆముదం దీపం పెట్టుకుని, మగ్గం గుంటలో కాళ్ళు దించి, అంచు నేసింది. ఆ మసక వెలుగులో ఆకుపచ్చ నూలూ నల్ల నూలూ ఒక్కలాగే కనబడతాయమ్మా. ఆకుపచ్చ కండె అనుకుని నల్ల కండె వేసేసింది. కండె అంటే చిన్న పుల్లకి చుట్టిన నూలు. పొద్దున చూస్తే పెళ్ళిచీర అంచులో వేలెడు నలుపు.

పెళ్ళివాళ్ళు చీర గుమ్మంలోనే వదిలేసి పోయారు. "నా కళ్ళు పోయాయిరా" అంది భావనమ్మ. ఆ తర్వాత మళ్ళీ మగ్గంలోకి దిగలేదు. ఊరంతా టకటకలాడుతుంటే ఆ ఒక్క ఇల్లూ మూగగా ఉండేది. ఆ మూగతనంలో మార్కండుకి ముద్ద దిగేది కాదు. అమ్మ కళ్ళు పోలేదు, దీపమే చాల్లేదు అని వాడికి తెలుసు. చెప్పి చూశాడు, ఆవిడ నమ్మలేదు.

అప్పుడు ఆ ఊరికి డేరా సినిమా వచ్చింది. అందరూ తెర ముందు కూచున్నారు. మార్కండు మాత్రం డేరా వెనక్కెళ్ళి, దడదడలాడే యంత్రం ముందు కూచున్నాడు. దాన్ని డైనమో అంటారని, తీగచుట్టల మధ్య అయస్కాంతం గిరగిరా తిరిగితే కరెంటు పుడుతుందని అక్కడి మనిషి చెప్పాడు. ఈ పిల్లాడి ముచ్చట చూసి ఒక బల్బు కూడా ఇచ్చాడు. మార్కండు దాన్ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని మోసినట్టు మోసుకొచ్చాడు.

ఆ తర్వాత పని మొదలైంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ అలాంటిది ఎవరూ చెయ్యలేదు, అడుగుదామంటే మనిషి లేడు. బండిచక్రం ఒకటి నిలబెట్టి, దానికి పట్టీ వేసి, అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్టలు పెట్టి డైనమో కట్టాడు. చక్రం తిప్పితే బల్బు ఉలకలేదు, పలకలేదు. తీగని తీగ ఆనుకుని, కరెంటు బల్బు దాకా పోకుండా అడ్డదారి పట్టిందమ్మా. వీధి వీధంతా నవ్వింది. అమ్మకి పిడుగు తెచ్చిపెడతావా మార్కండూ అని ఏడిపించారు.

రెండోసారి తీగకి బట్ట కట్టాలనుకున్నాడు. నూలు చుట్టే రాట్నం మీదే రాగితీగకి నూలు చుట్టాడు. నేతగాడి చెయ్యి కదా, అలవాటుగా దానికి గంజి కూడా పెట్టాడు. ఎండబెట్టి పడుకున్నాడు. పొద్దున లేస్తే తీగ మళ్ళీ దిసమొలతో ఉంది. గంజి వాసనకి ఎలుకలొచ్చి నూలంతా కొరుక్కు తినేశాయి.

అప్పుడు వాడి పెదనాన్న కొండలయ్య వచ్చాడు. వీధికి ఆయనే పెద్ద. "ఎలుకలకి విందు పెట్టావు, అమ్మకి దీపం పెట్టలేకపోయావు. ఇంకొక్కసారే. వెలగలేదంటే ఈ చక్రం ఏట్లో పారేసి, బుద్ధిగా మగ్గంలో దిగాలి" అన్నాడు. మార్కండు తలొంచుకుని సరేనన్నాడు.

వాడి మొహం చూళ్ళేక ఈసారి భావనమ్మే రాట్నం ముందు కూచుంది. నూలు చుట్టడానికి కళ్ళతో పనిలేదుగా, వేళ్ళు చాలు. తీగంతా చుట్టింది. చెయ్యి ఊరుకోక గంజి కుండ వైపు పోతే, "వద్దమ్మా" అని మార్కండు కుండ అవతల పెట్టి, మైనం కరిగించి పూశాడు. ఎలుకలు వాసన చూసి పోయాయి.

చీకటి పడేవేళకి వీధంతా చేరింది. మార్కండు అమ్మ ఒళ్ళో రెండు కండెలు పెట్టాడు, ఒకటి నలుపు, ఒకటి ఆకుపచ్చ. ఇద్దరు చక్రం పట్టుకుని తిప్పారు. బల్బులో ముందు ఎర్రగా చిన్న పురుగులాంటిది కదిలింది. తర్వాత పసుపు. తర్వాత గోడలూ మొహాలూ అన్నీ తెల్లారినట్టయిపోయాయి.

మరి దీపం వెలిగితే మనవాళ్ళేం చేస్తారు? చేతులెత్తి దండం పెడతారు కదూ. వీధంతా పెట్టింది. చక్రం తిప్పేవాళ్ళు కూడా వదిలేసి పెట్టారు. ఇంకేముంది, చక్రం ఆగింది, మళ్ళీ చీకటి.

అయిపోయిందిరా అబ్బాయ్ అన్నట్టు కొండలయ్య గొంతు సవరించుకున్నాడు.

ఆ చీకట్లోంచి భావనమ్మ అంది: "బావగారూ, ఆకుపచ్చది నా కుడిచేతిలో ఉంది."

అందరూ బల్బుని చూస్తే, ఆవిడ కండెల్ని చూసుకుందమ్మా.

కొండలయ్య తడుముకుంటూ వెళ్ళి చక్రం తనే పట్టుకుని తిప్పాడు. వెలుగొచ్చింది. భావనమ్మ కుడిచెయ్యి చాపి ఉంది. అందులో ఉన్నది చిలకపచ్చంత పచ్చటి కండె. ముసలాయనకీ దండం పెట్టాలనిపించింది. కానీ చక్రం వదలకుండా, ఒక్క చెయ్యి మాత్రం నుదుటికి ఆనించాడు.

"ఆపకండి బావగారూ" అంటూ భావనమ్మ మగ్గంలోకి దిగింది. టకా టకా, టకా టకా. మార్కండు గుమ్మంలో కూచుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాడు. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాట్ట.

ఆ తర్వాత ఎన్నో వానాకాలాలు వీధివాళ్ళు వంతులేసుకుని చక్రం తిప్పారు, ఒక చెయ్యి చక్రానికి, ఒక చెయ్యి దీపానికి. స్తంభాలొచ్చాయి, చక్రం పోయింది, ఆ మగ్గాలూ చాలామటుకు పోయాయి. ఒంటిచేతి దండం మాత్రం మా అమ్మకొచ్చింది, నాకొచ్చింది. స్విచ్చి మీద ఈ చెయ్యి తీస్తే ఎక్కడ ఆగిపోతుందోనని నాకిప్పటికీ బెరుకే.

ఊఁ కొట్టడం మానేశావేమే? సరే సరే.

మగ్గం ఆగింది, కండె నిండింది,
చిట్టితల్లి కంట కునుకు పండింది.
కథేమో కంచి దారి పట్టింది,
నిద్దరొచ్చి మనింటి తలుపు తట్టింది.