నేలకోట కొలువులో మాకప్

నేలకోట రాజావారిని ఒక ఇంగ్లీషు మాట పట్టుకుంది. విందుకొచ్చిన దొర ఎవరో అని వెళ్ళాడు: మాకప్!

"అంటే ఏమిటోయ్?" అని కొలువులో అడిగారు.

మద్రాసులో చదివొచ్చిన ఇంజనీరు పేరిశాస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అసలు వస్తువు చేసేముందు అదే కొలతల్లో చేసే ఉత్తుత్తి నమూనా, మహాప్రభూ. వెదురుతో కోట, కాగితంతో రథం, అలాగన్నమాట."

"దేనికి పనికొస్తుంది?"

"చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది ప్రభూ!"

హాస్యగాడు గవర్రాజు కిసుక్కుమన్నాడు. "ముచ్చటకైతే మా ఆవిడ ముగ్గు చాలదూ!"

శాస్త్రికి ఒళ్ళు మండింది. "ఇంగ్లీషు ముక్క రానివాడికి ఎగతాళొకటి! దాని ఉపయోగమేదో వాణ్ణే చూపమనండి ప్రభూ. చూపలేకపోతే కొలువులోంచి పంపేసి, వాడి ఇల్లు నాకిప్పించండి."

రాజావారికి పందెమంటే ప్రాణం. "సరే, రేపు పొద్దున్నే!"

గవర్రాజుకు ఇల్లాలు గుర్తొచ్చింది. కొలువు పోతే పోయింది, ఇల్లు పోయిందని ఆవిడతో ఎలా చెప్పడం?

తలొంచుకుని ఆలోచిస్తుంటే రాజావారి పావుకోళ్ళు కంటపడ్డాయి. నేలకోటలో ఒక ఆచారం ఉంది. "చూడు" అని రాజు అనేదాకా ఎవరూ ఆయన పాదాలు దాటి చూపెత్తకూడదు.

గవర్రాజు మొహం విచ్చుకుంది. సభ ముగిశాక రాజావారి చెవిలో ఏదో ఊదాడు.

మర్నాడు అందరికంటే ముందు శాస్త్రి వచ్చాడు, వెనకే కొలువంతా వచ్చింది. సింహాసనం కింద పావుకోళ్ళు, పైన జరీపంచె అంచు. వంగి దణ్ణం పెట్టాడు.

"మహాప్రభూ! ఈ పూట తమ ముఖవర్చస్సు చూస్తుంటే కళ్ళు చెదిరిపోతున్నాయి! ఆ ముక్కు తీరు, ఆ కోరమీసం! అన్నట్టు, గవర్రాజు ఇంటి తాళంచెవి..."

"మీసం అంత బాగుందా శాస్త్రీ?" అంది తెర వెనక నుంచి రాజావారి గొంతు. "చూడు!"

శాస్త్రి తలెత్తాడు. పంచె కట్టిన గడ్డిమూట. దానిమీద తలపాగా చుట్టిన బూడిదగుమ్మడికాయ.

"మోసం!" అని అరిచాడు శాస్త్రి.

"మోసం కాదు శాస్త్రిగారూ, మాకప్," అన్నాడు గవర్రాజు. "లోపమేదైనా ఉంటే ఉత్తుత్తిదాని దగ్గరే తేలిపోవాలి. దాని ఉపయోగం అదే. తేలింది!"

రాజావారు తెర తోసుకుని వచ్చారు. "ఏమిటా లోపం?"

గవర్రాజు చేతులు కట్టుకున్నాడు.

"తమరి చోట గుమ్మడికాయ కూచున్నా ఈ కొలువు నడిచిపోతుంది ప్రభూ!"

ఏమవుతుందోనన్న భయంలో ఆచారం మరిచిపోయి, అందరూ ఒక్కసారే తలలెత్తి రాజు మొహంకేసి చూశారు.

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు!

"ఇకనుంచి ఇలాగే చూడండర్రా!" అంటూ చేతి కడియం తీసి గవర్రాజుకు తొడిగారు. "ఇల్లు నీదే. ఆ గుమ్మడికాయ మాత్రం శాస్త్రికిచ్చెయ్. దాని మీసం ఆయనకు తెగ నచ్చింది!"