కర్రబాతుల చూపు

చండకేతు మహారాజుకు ఎవరూ వీపు చూపించకూడదు. చూపిస్తే తల ఉండదు. బాతుల వేటకని ఏట్లో ఎరగా వదిలిన కర్రబాతుల్ని కూడా ఆయన తనవైపే తిప్పించాడు. నిజం బాతులు పైన ఒక చుట్టు తిరిగి, దిగకుండానే పారిపోయాయి.

"ఈ బొమ్మలు చెక్కినవాడి తల తీయండి!"

వడ్రంగి జోగన్న మెడకు కత్తి చల్లగా తగిలింది.

"ప్రభూ, ఒక్కసారి తమ పరివారాన్ని చూడండి. ఒక్కరైనా ఏటివైపు చూస్తున్నారా?"

అందరూ బిగుసుకుపోయి రాజునే చూస్తున్నారు.

"ఎందుకని?"

"భయం ప్రభూ. మేసే బాతులు ప్రవాహానికి ఎదురుగా తిరిగి ఉంటాయి. ఇవన్నీ ఒడ్డుకేసే చూస్తుంటే, అక్కడ ప్రాణాలు తీసేదేదో ఉందని పైవాటికి తెలిసిపోయింది."

రాజు కత్తి దించమన్నాడు.

"ఇక అందరూ ఏటివైపు తిరగండి" అన్నాడు మెల్లగా.

ఒక్కరూ తిరగలేదు.