దక్షిణ సీమకు గీసిన హద్దు

మృగరాజు ఏలుబడిలో దక్షిణ సీమంత విశాలమైనదీ లేదు, అంత ఒంటరిదీ లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు రోజుల నడక. అంతా బండలు, బోదగడ్డి, నడుమ ఒక ఇసుక వాగు. ఇంత నేలమీద కాపురమున్నవి కుందేళ్ళతో కలిపి నలభై ప్రాణులు. రాజుగారి కచేరి మాత్రం ఉత్తరాన చల్లని అడవిలో ఉండేది. అమలుదారు జంబయ్య అనే నక్క ఏడాదికొకసారి, వానలు వెలిసి పచ్చిక కళ్ళకింపుగా ఉన్నప్పుడే వచ్చి వెళ్ళేవాడు. వేసవిలో ఆ సీమ ఎలా ఉంటుందో ఆయనగారికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ముసలి మనుబోతు ఓబులమ్మకు బాగా తెలుసు. కిందటి వేసవిలో ఆమె మగడు అర్జీ పట్టుకుని కచేరికి వెళ్ళి, తిరుగుదారిలో నీళ్ళు దొరక్క బండల మధ్య ప్రాణం వదిలాడు. ఆ దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. ఆమెకు మిగిలింది ఒక్క దూడ.

ఆ ఏడు జంబయ్య వచ్చి అందరినీ వాగు గట్టుకు పిలిపించాడు.

"రాజుగారి ఆజ్ఞ. నలభై మందికి ఇంత సీమ ఎందుకు? నేటి నుంచి వాగే హద్దు. ఉత్తరపు గట్టూ, దాన్నానుకున్న మడుగూ కచేరివి. దక్షిణపు గట్టు మీది. మడుగులో మూతి పెట్టాలంటే నా అనుమతి కావాలి."

కుందేళ్ళు గొల్లుమన్నాయి. ఓబులమ్మ మాత్రం ఇసుక వైపు చూసింది. మండువేసవిలో మడుగు ఎండిపోతుంది. అప్పుడు ఇసుకలో చెలమ తవ్వుకుంటేనే గొంతు తడిసేది. ఆ ఇసుక కూడా చేజారితే దూడ దక్కదు.

"సామీ, వాగులో ఇసుక ఎవరిది?"

జంబయ్య తడబడ్డాడు. ఆజ్ఞలో ఇసుక మాటే లేదు.

"అది గూడా మీరే ఉంచుకోండి సామీ," అంది దిగులుగా. "వరదొచ్చినప్పుడల్లా ముళ్ళకంప కొట్టుకొస్తాది. ఏరలేక సస్తాండాం."

"ఆ చాకిరీ నాకంటగడతావా? ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకంతా మీదే!" అంటూ ఆ మాటనూ హద్దు ఆజ్ఞ ఉన్న తాటాకు మీదే రాసి, పంజా గుర్తు వేసి, ఆమె ముందు పడేశాడు.

అనుమతి అడగవచ్చే వాళ్ళ కోసం మడుగు గట్టునే మకాం పెట్టాడు. అందరూ ఇసుకలోనే చెలమలు తవ్వుకున్నారు, ఎవరూ రాలేదు. చైత్రం వచ్చేసరికి మడుగు బురదై, బురద నెర్రెలిచ్చింది. కచేరికి తిరిగి వెళ్దామంటే దారంతా చుక్క నీరు లేదు.

వాగులో ఓబులమ్మ గిట్టలతో మోకాటి లోతు తవ్వింది. తేట నీరు ఊరింది. దూడ తాగింది, కుందేళ్ళు తాగాయి. ఇసుక అంచున జంబయ్య నాలుక వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ఓబులమ్మా, ఒక్క గుక్క."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"నా మొగుడూ ఇట్లే అడిగింటాడు సామీ. ఇచ్చేవాళ్ళే లేకపాయిరి."

ఆమె చెలమ దగ్గర్నుంచి పక్కకు జరిగింది.

"తాగు. తాగినాక నువ్వు గీసిన హద్దు నువ్వే చెరిపి, ఈడ సూసిందంతా రాజుకు చెప్పు."

వద్దని పారేసిన ఇసుకలోనే అమలుదారు మోకాళ్ళు వంచి, మూతి ఆనించి తాగాడు. తాగి, ఆమె ముందు పెట్టిన ఆ హద్దు తాటాకును తన పళ్ళతోనే చించాడు.

కాలు పెట్టి తిరగని నేలను పంచబోయినవాడు తన దాహానికే హద్దు గీసుకుంటాడు.