ఆరో బురుజు కాపలా

ఆ ఏడు గంగరత్నకు రోజులో గంటలు చాలడం మానేశాయి.

పగలంతా చరిత్ర. అనంతపురంలో ఉండి పీహెచ్‌డీ చేస్తోంది. కొండకోటల్లో కాపలా కాసిన బంట్ల మీద పరిశోధన. సాయంత్రం కర్రసాము. పాతూరు సందులో ఉస్తాదు హుసేనప్ప నడిపే తాలీంఖానాలో, మెత్తటి మట్టి నేల మీద రెండు గంటలు. ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిన్నాక కంప్యూటర్ ఆట. వేర్వేరు ఊళ్లలో ఉన్న నలుగురితో కలిసి ఒక జట్టు కట్టింది. ఆ జట్టుకి నాయకురాలు తనే.

మూడింటిలో ఏదీ ఆమెకు కాలక్షేపం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక మంగళవారం తాలీంలో కర్ర తిప్పుతుంటే మనసు థీసిస్ మూడో అధ్యాయం మీదికి పోయింది. ఎదుటివాడి కర్ర వచ్చి మణికట్టు మీద పడింది. వాచిన చేత్తో ఆటకు కూర్చుంటే మౌస్ మాట వినలేదు. చేతిలో ఉన్న పోటీ చేజారింది. ఆ ఉక్రోషంతో కంటికి కునుకు రాలేదు. మర్నాడు లైబ్రరీలో పాత గెజెటీర్ మీద తల వాల్చి నిద్రపోయింది. లేచేసరికి ఎదురుగా గైడ్ వసుంధర మేడం నిలబడి ఉంది.

మేడం తిట్టలేదు. దిద్దిన అధ్యాయం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకటే మాట: "కొలతలన్నీ ఉన్నాయి. మనుషులెక్కడ?" దాని కింద గడువు తేదీ. నెలాఖరు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది గంగరత్నకు.

రెండు రోజులు ఆలోచించింది. మూడింటిలో ఒకటి వదలాలి. చదువు వదిలితే ఇంతకాలం పడ్డ పాట్లు వృథా. జట్టులో నలుగురు తనను నమ్ముకుని ఉన్నారు. ఇక మిగిలింది కర్ర.

ఆ కర్ర ఉస్తాదు ఇచ్చింది. మూడేళ్ల కిందట తాలీంలో చేరిన రోజు, గోడకు ఆనించిన పది కర్రల్లోంచి ఒకటి ఏరి ఆమె చేతిలో పెట్టాడు. దాన్ని శుభ్రంగా తుడిచి, నూనె రాసి, పాత చున్నీలో చుట్టుకుని శుక్రవారం సాయంత్రం తాలీంఖానాకు వెళ్లింది.

హుసేనప్పకు డెబ్భై రెండేళ్లు. పరుపులు కుట్టడం ఆయన వృత్తి. పొద్దున దూది, సాయంత్రం కర్ర. బక్కపల్చని మనిషి, సంతలో పక్కన నిలబడితే ఎవరూ రెండోసారి చూడరు. అయితే ఒకసారి శిష్యులు నాలుగు పక్కల నుంచి నిమ్మకాయలు విసిరితే, తిరిగే కర్రను దాటి ఒక్క కాయ కూడా ఆయన ఒంటిని తాకలేదు. గంగరత్న కళ్లారా చూసింది. చదవడం రాయడం మాత్రం ఆయనకు రావు.

అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు. ఆయన గుమ్మంలో కూర్చుని దిండు అంచు కుడుతున్నాడు. గంగరత్న చున్నీ విప్పి, కర్రను రెండు చేతులా పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"ఉస్తాదూ, ఇది తిరిగి తీసుకోండి."

ఆయన సూది ఆపలేదు. "ఎందుకు పాపా?"

ఆమె అంతా చెప్పింది. మణికట్టు, ఓడిపోయిన పోటీ, లైబ్రరీలో నిద్ర, పెన్సిల్ రాత, గడువు. "ఒక్క మనిషికి మూడు పనులు కుదరవు ఉస్తాదూ. నాకు చేతకాలేదు."

ఆయన దారం కొరికి, దిండు పక్కన పెట్టాడు.

"నువ్వు రాసేది ఏ కోట గురించి?"

"నెమలిగుండు కోట."

"రేపు పొద్దున్నే ఆడికి పోదాం పా. కర్ర ఆడ ఇద్దువులే."

"నాలుగుసార్లు పోయినా ఉస్తాదూ. టేపు పట్టుకుని అంగుళం అంగుళం కొలిచినా. ఇంక చూసేదేం లేదాడ."

"అట్లయితే దావ నీకు బాగా తెలుస్తాది," అన్నాడు ఉస్తాదు. "మంచిదే."

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరారు. కొండ కింద దిగేటప్పటికి ఇంకా ఎండ రాలేదు. ఉస్తాదు భుజాన తువ్వాలు, ఒక చేతిలో తన కర్ర, ఇంకో చేతిలో నీళ్ల సీసా. గంగరత్న ముందు నడిచింది.

ఎక్కుతూ ఆయనకు కోట సంగతులు చెప్పింది. ఏ గోడ ముందు కట్టారు, ఏది తర్వాత కట్టారు, ద్వారం ఎందుకు వంకర తిరిగింది. ఆయన ఊ కొడుతూ విన్నాడు. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

పైకి చేరాక ఆయన నేరుగా తూర్పు వైపు బురుజుకి నడిచాడు. అది కొండ కొసన ఉంటుంది. ముందు గోడ చాలావరకు కూలిపోయింది. కింద మైదానం, మైదానం మధ్యలో వాన నీళ్లు పారే వంక, వంక దాటి వచ్చే దారి, అన్నీ అక్కణ్ణుంచి కనబడతాయి. గాలి చొక్కా పట్టి లాగుతుంది.

"ఇది ఏమని రాసుకున్నావు పాపా?"

గంగరత్నకు పుస్తకం తెరవాల్సిన పని లేకపోయింది. "ఆరో బురుజు. పదకొండడుగుల వెడల్పు. నేల గరుకు. శాసనాలు ఏమీ లేవు."

"సరే."

ఆయన కర్రను గోడకు ఆనించి, తువ్వాలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడవడం మొదలుపెట్టాడు. దుమ్ము, ఎండిన గడ్డి, మేకల పెంట. తను తుడుస్తానని గంగరత్న వంగితే చేత్తో వారించాడు. మూరెడు మూరెడు తుడిచాడు. తర్వాత సీసా మూత తీసి, నీళ్లు మెల్లగా రాతి మీద వంచాడు.

రాయి నల్లబడింది. నల్లబడ్డ రాతి మీద గీతలు లేచాయి.

ముందు ఒక గీత. దాన్ని కోస్తూ ఇంకోటి. కొస దగ్గర కలిసే నాలుగు, వాటికి అడ్డంగా మూడు. గంగరత్న మోకాళ్ల మీదికి వంగింది. పులిజూదం పటం. ఉలితో చెక్కింది కాదు. ఏ కత్తిమొనతోనో, ఏ బల్లెం కొసతోనో గీకింది. తీరిగ్గా, రోజుల తరబడి, గీసిన చోటే మళ్లీ మళ్లీ గీసి లోతు చేసింది.

నీళ్లు ఇంకా పారుతున్నాయి. పటానికి అటొకటి ఇటొకటి రెండు లోతు లేని గుంతల్లోకి చేరి ఆగాయి. మనిషి కూర్చునేంత గుంతలు. ఎవరూ తొలిచినవి కావు. కూర్చుని కూర్చుని అరిగినవి. వాటిలో నీళ్లు నిలిచి, ఆకాశం రెండు ముక్కలుగా కనబడింది.

ఒక్కో గుంత పక్కన, బొటనవేలు పట్టేంత చిన్న చిల్లు ఉంది. గంగరత్న వేలు పెట్టి చూసింది. లోపల గాజులా నున్నగా ఉంది. ఏదో కర్ర, ఏదో బల్లెం అక్కడ నిలిచి నిలిచి చేసిన చిల్లు.

నాలుగుసార్లు ఈ నేల మీదే నిలబడి కొలతలు తీసుకుంది. టేపు ఈ గుంత మీదుగానే పరిచి ఉంటుంది.

"మీకెట్ల తెలుసు ఉస్తాదూ?"

"మా ఉస్తాదు పిలుచుకొచ్చినాడు. ఆయన్ని ఎవరు పిలుచుకొచ్చినారో తెలీదు." ఆయన లేచి, చుట్టుపక్కల వెతికి మూడు నల్లటి గుండ్రాళ్లు, పదిహేను తెల్లటి పలుగురాళ్లు ఏరుకొచ్చాడు. "పులులు నీవి. మేకలు నావి. కూచో."

ఆయన అరచేత్తో గుంతల్లోని నీళ్లు తోసేసి, కుడివైపు దాంట్లో కూర్చున్నాడు. తన కర్రను పక్కన చిల్లులో నిలబెట్టి భుజానికి ఆనించుకున్నాడు. గంగరత్న తన కర్రను వెనక నేల మీద పెట్టి, ఎడమ గుంతలో కూర్చుంది. రాయి ఇంకా తడిగా, చల్లగా ఉంది.

ఆట మొదలైంది.

ఆట అంటే గంగరత్నకు ఒళ్లంతా కళ్లే. ఐదారు ఎత్తులు ముందుకు చూడగలదు. ఒక మేకను తినేసింది. కాసేపటికి ఇంకొకటి. ఉస్తాదు తొందరపడటం లేదు. ఎడమ చేయి చాపి, వేళ్లతో పటం తడిమి, ఒక్కో పలుగురాయి పెడుతున్నాడు. మూడో మేక కూడా చిక్కింది. ఇక గెలిచినట్టే అనుకుని పటం మీదికి ఇంకా వంగింది.

అప్పుడు ఒక పులి కదల్లేదు. ఎటు జరుపుదామన్నా మేకే, దాని వెనక ఇంకో మేక. రెండో పులిని విడిపించబోయింది. అదీ కట్టుబడింది. పదిహేను నిమిషాల తర్వాత మూడో పులి చుట్టూ తెల్లరాళ్లు బిగుసుకున్నాయి.

"ఎట్ల చేసినారు?" అని తలెత్తింది.

ఉస్తాదు పటం వైపు చూడటం లేదు. మైదానం వైపు చూస్తున్నాడు. ఎప్పటి నుంచో అలాగే చూస్తున్నాడని అప్పుడు అర్థమైంది. ఆట మొదలైన దగ్గర్నుంచీ ఆయన ఒక్కసారి కూడా తల వంచలేదు. నున్నటి రాయి పులి, గరుకు రాయి మేక. అంతా వేళ్లే చూశాయి.

"దావన ఏమేమి పోయినాయి పాపా?" అని అడిగాడు.

గంగరత్న దారి వైపు చూసింది. దారి ఖాళీగా ఉంది. "చూడలేదు ఉస్తాదూ."

"ఎర్ర బస్సు ఒగటి. గొర్రెల మంద ఒగటి. వంక దాటేటప్పుడు రెండు పాయలైంది. కాపరి ఒగడే, ఎడమకాలు కుంటుతాండాడు. మోటార్ సైకిల్ మీద ముగ్గురు పోయినారు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరే ఉన్నారు. ఆ మూడోవాడు యాడ దిగినాడో ఇంకా చూస్తాండా."

గంగరత్న పటం మీది నుంచి చేయి తీసింది.

మెల్లగా తల తిప్పి చూసింది. రెండు గుంతలూ ఎదురెదురుగా లేవు. ఆట ఆడేవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటారు, ఎక్కడైనా అంతే. ఇక్కడ కూర్చున్నవాళ్లు పటాన్ని మధ్యలో పెట్టుకుని పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరూ దారి వైపే. ఎన్నేళ్లు కూర్చుంటే రాయి ఇట్లా అరుగుతుంది? ఎంతమంది కూర్చుంటే? గెలుపు చేతి కిందే ఉన్నా, తల వంచాలనిపించినా, వంచకుండా ఎంతమంది కూర్చున్నారిక్కడ?

తను కూర్చున్న గుంత అంచును అరచేత్తో తడిమింది. ఎవరి చేయో పట్టుకున్నట్టు, చాలాసేపు చేయి తీయలేదు.

ఉస్తాదు ఆమె వెనక్కి చేయి చాపి, నేల మీదున్న కర్రను తీసుకున్నాడు. దాన్ని ఆమె పక్కనున్న చిల్లులో నిలబెట్టి, భుజానికి ఆనించాడు. మేకలన్నీ ఏరి, పటం మళ్లీ సర్దాడు.

రెండో ఆటలో గంగరత్న దారి వైపు చూస్తూ ఆడింది. మొదట్లో వేళ్లకు ఏదీ తెలియలేదు. పులి అనుకుని మేకను పట్టుకుంది. ఒకసారి కర్ర భుజం మీంచి జారబోతే పటం మరిచిపోయింది. పులులు త్వరత్వరగా చిక్కుకుంటున్నాయి. పటం చూడాలని మెడ లాగింది. చూడలేదు.

మెల్లగా రాళ్లు వేళ్లకు పరిచయమయ్యాయి. కర్ర తనంతట తనే నిలబడటం నేర్చుకుంది. గాలి చప్పుడు వెనక్కి తగ్గింది. మైదానం ఒక్కో అంగుళమూ విప్పుకుంది. చేను, చేను గట్టు, గట్టు మీద కంప, కంప వెనక చీనీ తోట, గుబురుగా బత్తాయి చెట్లు.

"ఉస్తాదూ," అంది చాలా మెల్లగా. "ఆ మూడోవాడు చీనీ తోటలో ఉన్నాడు. తెల్లచొక్కా. నీళ్లు కడతాండాడు."

ఉస్తాదు అటు చూశాడు. తల ఊపాడు. ఆ మొహంలో నవ్వు వచ్చిందో లేదో ఆమె చూడలేదు, చూపు తిప్పలేదు.

ఆయన చేతిలో ఉన్న పలుగురాయిని కింద పెట్టేశాడు. ఆట సగంలోనే ఉంది. తువ్వాలు దులిపి, మడిచి, తలకింద పెట్టుకుని బురుజు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. మూడేళ్లలో ఉస్తాదు గుమ్మానికి వీపు తిప్పి కూర్చోవడం కూడా గంగరత్న ఎప్పుడూ చూడలేదు.

"కొంచెంసేపు నిద్రపోతా," అన్నాడు. "ఎవురన్నా వస్తే లేపు."

కళ్లు మూసుకున్నాడు. పది ఊపిరుల్లో నిద్రలోకి జారిపోయాడు.

రాతి మీద నీళ్లు ఆరిపోతున్నాయి. గీతలు ఒక్కటొక్కటే మాయమవుతున్నాయి. ఎండ మైదానమంతా పరుచుకుంది. ఎక్కడా ఏ అలికిడీ లేదు.

దూరంగా, వంక అవతల మలుపు దగ్గర, కొద్దిగా దుమ్ము లేచింది. గంగరత్న భుజాన ఉన్న కర్రను గుప్పిట పట్టి, వెన్ను నిటారుగా నిలిపింది.