గుట్ట మట్టి ఎవరిది?

వెనకటికి ఒక సంస్థానంలో, నల్లగుట్ట కింది పల్లెలో బసవలింగం అనే పంతులు వీధిబడి నడిపేవాడు. కొత్త మేడ కోసం దొర ఆ గుట్ట మీది చెట్లన్నీ నరికించాడు. ఆ ఏడు పెద్దవానకి గుట్ట మట్టి బురదై వాగులోకి విరుచుకుపడింది. వాగులో బిందె ముంచుతున్న పంతులు కూతురు పున్నమ్మ ఆ బురదలో కలిసిపోయింది.

కర్మలు ముగిశాక పంతులు మళ్లీ బడి తెరిచాడు. రోజూ పిల్లల్ని వెంటబెట్టుకుని గుట్టెక్కి, వాననీళ్లు దూకే చోటల్లా రాళ్లు పేర్పించాడు, కానుగ గింజలు నాటించాడు. సంగతి తెలిసి దొర అతన్ని సభకు పిలిపించాడు.

"ఆ గుట్ట ఎవరిదనుకున్నావు? మట్టితో సహా నాదే. నన్నడగకుండా ముట్టుకుంటావా?" అన్నాడు.

"తమదే దొరా," అన్నాడు పంతులు మెల్లగా. "మరి నా బిడ్డను మింగిన మట్టి కూడా తమదేనని ఒక్క మాట సెలవివ్వండి. నా బిడ్డ ఎవరి వల్ల పోయిందో ఊరికి చెప్పుకుంటాను. అది తమది కాదంటారా, ఎవరిదీ కాని మట్టిని పిల్లలు ఆపుకుంటే తమకేం అడ్డం?"

దొర, "ఆపుకోండి," అని లేచి వెళ్లిపోయాడు.

మరుసటేడు వానలకి వాగు తేటగా పారింది. పిల్లలు దోసిళ్లతో తాగి, పంతుల్ని కూడా తాగమన్నారు. ఆయన దోసిలి పట్టాడు. పెదవుల దాకా తెచ్చి, తాగలేక, ఆ నీళ్లను మళ్లీ వాగులోకే మెల్లగా వదిలేశాడు.